బడి గుమ్మంలో వేలిముద్ర

మన భాషలో 'వేలిముద్ర' అన్నది వస్తువు పేరు మాత్రమే కాదు, మనిషి స్థితిని చెప్పే మాట కూడ. "ఆయనది వేలిముద్రేనండీ" అంటే ఆయనకు చదువు రాదని అర్థం. దస్తావేజు వ్రాసిన లేఖరి చివర సంతకం చేయలేనివాని పేరు తానే వ్రాసి, అతని ఎడమచేతి బొటనవేలికి సిరా అద్దించి, కాగితం మీద నొక్కించి, 'ఇది ఫలానావాని నిశాని' అని ప్రక్కన చేర్చేవాడు. ఆ సిరాను తలకు తుడుచుకుంటూ తల వంచుకొని బయటకు వచ్చేవారిని నా తరంవారు చూచియే ఉంటారు. బిడ్డను బడికెందుకు పంపుతున్నావని అడిగితే పల్లెలలో తరచుగా వినవచ్చిన సమాధానం ఒకటున్నది: "వాడైనా సంతకం పెట్టుకుంటాడు గదా, పంతులుగారూ!" 1990 దశకం మొదట నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు వేలిముద్ర మాని సంతకం నేర్చినారు. ఆ చదువులోనుండియే సారా వ్యతిరేకోద్యమం పుట్టి, 1993లో సారా నిషేధం దాకా నడచినది.

వేలిముద్రను మాన్పించడానికి పెట్టిన బడి గుమ్మంలోనే ఇప్పుడు పిల్లవాని వేలిముద్ర అడిగే యంత్రం నిలబడినది. వేలు పెడితే హాజరు, పెట్టకపోతే గైరుహాజరు. దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని చాలకాలంగా అనుకొంటున్నాను. యంత్రం క్రొత్తదే గాని, దాని వెనుకనున్న ఆలోచన పాతది. నూట అరువది ఏండ్లకు పైబడిన చరిత్ర దానికున్నది. అది మొదలైనది మన దేశంలోనే.

1858 జులై. సిపాయిల తిరుగుబాటు ముగిసీ ముగియని రోజులు. బెంగాలులో మూర్షీదాబాదు జిల్లా జంగీపురంలో విలియం జేమ్స్ హెర్షెల్ అనే యువకుడు కంపెనీ ఉద్యోగిగా ఉన్నాడు. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న ఖగోళవేత్త హెర్షెలుకు మనుమడు. రోడ్డు వేయడానికి కావలసిన సామగ్రి సరఫరా చేయుటకు రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారుతో అతడు ఒక ఒప్పందం వ్రాయించుకొన్నాడు. కొనాయ్ సంతకం చేయబోతుండగా ఆపి, కచేరీ ముద్రకు వాడే నూనె సిరాను అతని అరచేతికీ వేళ్ళకూ పూసి, కాగితం వెనుకవైపున హస్తమంతా నొక్కించినాడు. ఎందుకు? తరువాత ఎప్పుడైనా 'ఈ సంతకం నాది కాదు' అనే ఆలోచన కొనాయ్‌కి రాకుండ భయపెట్టడానికని హెర్షెలే తన వార్ధక్యంలో 1916లో ప్రకటించిన పుస్తకంలో చెప్పుకొన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. కొనాయ్ చదువురానివాడు కాడు. ఆ ఒప్పందపు పత్రం అతని స్వహస్తలిఖితం! చక్కగా వ్రాసి, సంతకం చేయడానికి సిద్ధంగా ఉన్నవాని చేతిని పట్టి సిరా పూసినారు. అంటే ఈ ముద్ర నిరక్షరాస్యులకు సాయంగా పుట్టినది కాదు. మాట మీద, చేవ్రాలు మీద ఎవరిని నమ్మదలచుకోలేదో వారికోసం పుట్టినది. అక్షరం రానివాడు వేలిముద్ర వేస్తాడన్నది మన అనుభవం. అక్షరం వచ్చినా నమ్మనివాని చేత వేయిస్తారన్నది దాని జన్మవృత్తాంతం. ఈ రెంటికీ నడుమ ఉన్న భేదాన్ని చదువరులు మనసులో ఉంచుకొనగోరుతాను.

ఇరువదేండ్ల తరువాత, 1877లో, హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు హెర్షెల్ ఈ పద్ధతిని మూడు తావులలో అమలుపెట్టినాడు: పింఛనుదారులకు, దస్తావేజుల రిజిస్ట్రేషనుకు, జైలులోని ఖైదీలకు. చనిపోయిన పింఛనుదారు పేర మరొకడు డబ్బు తీసుకోకుండుటకు, శిక్షపడినవానికి బదులు మరొకడు జైలుకు రాకుండుటకు. వానిలో న్యాయం లేదనను. ఐతే ఆ మూడు తావులలోను వేలు చాపేవాడు కాదనలేని స్థితిలో ఉన్నవాడే.

వేలిగీతలను వర్గీకరించి, లక్షల కాగితాలలోనుండి ఒక్కదానిని వెదకి తీయగల ఏర్పాటు చేసినది కూడ బెంగాలులోనే. పేరు మాత్రం పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీకి దక్కినది. 'హెన్రీ పద్ధతి' అనియే లోకమంతా అన్నది. దాని వెనుక లెక్కకట్టి, గూళ్ళు అమర్చి, పనిచేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు. ముప్పది రెండును ముప్పది రెండుతో హెచ్చించగా వచ్చిన 1024 గూళ్ళలో పది వేళ్ళ పత్రాలన్నీ ఇమిడిపోయే అమరిక అది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. ఆ రోజులలోనే జల్పాయిగురి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగినప్పుడు, అతని సామానులో దొరికిన బెంగాలీ పంచాంగం మీద నెత్తుటి వేలిముద్ర కనిపించినది. అంతకు పూర్వం దొంగతనానికి శిక్షపడిన కంగాలీ చరణ్ అనే పాత నౌకరు ముద్రతో అది సరిపోయినది. న్యాయస్థానం అతనిని దొంగతనానికి మాత్రం శిక్షించి, హత్యానేరాన్ని నిర్ధారించలేదు. ఆ ముద్ర అతడు అక్కడ చేయి పెట్టినాడని చెప్పగలదు గాని, ఏమి చేసినాడో చెప్పలేదన్న వివేకం ఆనాటి న్యాయమూర్తులకున్నది.

తెలుగునాటికి వద్దాము. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడ వర్తించినది. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కులంలో పుట్టినందుకే ఎరుకలవారివంటి జాతులను పట్టీలో చేర్చవచ్చును. పట్టీలో చేరినవాని వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకొనే అధికారం ఆ చట్టం అధికారులకిచ్చినది. నిర్ణీత వేళలకు వచ్చి కనపడవలెనని ఆజ్ఞాపించే అధికారమూ ఇచ్చినది. గుంటూరు సీమలో సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన స్టూవర్టుపురం, నెల్లూరు సీమలో కావలి వంటి సెటిల్‌మెంట్లలో పట్టీ చదువుతుంటే మనుషులు బదులు పలుకవలసివచ్చినది. దానికి జనం పెట్టిన పేరు హాజరే. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేకమైన బడులలో ఉంచడానికి కూడ అందులో వీలున్నది. హాజరు, వేలిముద్ర, బడి - ఈ మూడూ ఒకే చట్టంలో మొదటిసారి కలిసికొన్నది ఇక్కడనే అని నా అభిప్రాయం. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లోను, దేశమంతటా 1952లోను రద్దయినది. ఆ ఊళ్ళ పేర్లకు అంటిన మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు.

ఈ ముద్రను కాదన్న మొదటి పెద్ద సమూహం దక్షిణాఫ్రికాలోని భారతీయులు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాలు చెరకు తోటలకు కూలికి వెళ్ళినవారిలో మన తెలుగువారు వేలాదిగా ఉన్నారు. ఆ ప్రక్క వలసరాజ్యమే ట్రాన్స్‌వాలు. 1906 ఆగస్టులో ట్రాన్స్‌వాలు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు ముసాయిదా ప్రకటించినది. ఆ దేశంలో నివసించే ప్రతి ఆసియావాసి, స్త్రీలు, ఎనిమిదేండ్లు దాటిన పిల్లలు సహా, పేరు నమోదు చేయించుకొని, వేలిముద్రలిచ్చి, అనుమతి పత్రం పొందవలెను. పోలీసు అడిగినప్పుడెల్ల చూపవలెను. గాంధీజీ అప్పుడు హెన్రీగారి పుస్తకాన్నే తెప్పించి చదివినారు. చట్టం ప్రకారం వేలిముద్రలు తీసుకొనేది నేరస్థులనుండి మాత్రమేనని అందులో చదివి నివ్వెరపోయినట్లు దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో వ్రాసుకొన్నారు. సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గు ఎంపైర్ థియేటరులో మూడు వేలమంది సమావేశమై, ఈ చట్టానికి లొంగము, జైలుకైనా పోతామని దేవుని సాక్షిగా ప్రమాణం చేసినారు. సత్యాగ్రహం పుట్టిన దినం అది. ఎనిమిదేండ్ల పిల్లల వేళ్ళు కూడ ఆ ప్రమాణంలో ఉన్నవన్న సంగతిని మన పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెప్పవు.

తరువాత జరిగినది ఇంకా ఆలోచించదగినది. 1908 జనవరి చివర జనరల్ స్మట్సుతో రాజీ కుదిరినది. భారతీయులు తమంతట తాము నమోదైతే చట్టాన్ని రద్దుచేస్తామని మాట. గాంధీజీ ఒప్పుకొన్నారు. నిన్నటిదాకా వద్దన్న పది వేళ్ళను ఈనాడు ఇమ్మంటాడేమని మీర్ ఆలం అనే పఠాను మండిపడి, ఫిబ్రవరి 10న నమోదు కార్యాలయానికి వెళ్తున్న గాంధీజీని దారిలో కొట్టి పడవేసినాడు. ఆయన పాదరీ డోక్ గారి ఇంట మంచం మీద పడుకొనే, రిజిస్ట్రారును పిలిపించి వేలిముద్రలిచ్చినారు. ఎందుకంత పట్టుదల? బలవంతాన అడిగితే జైలుకు పోయియైనా ఇవ్వరాదు. కాదనే హక్కు చేతికి వచ్చిన తరువాత ఇష్టపూర్వకంగా ఇవ్వవచ్చును. వేళ్ళు అవే, సిరా అదే. మారినది ఒక్కటే - ఇచ్చేవాని స్థానం. స్మట్సు చట్టాన్ని రద్దుచేయలేదని తేలగానే, ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైబడిన పత్రాలను ఒక పెద్ద కాగులో వేసి కాల్చినారు. మీర్ ఆలం ఆనాడు వచ్చి గాంధీజీతో చేయి కలిపినాడు.

ఇంతవరకు నమ్మరానివారని ముద్రపడినవారి కథ. పాలకులు తమ సొంత పిల్లల వేళ్ళను అడిగినదెప్పుడు? 2001 ప్రాంతాన, ఇంగ్లండులో. మొదట బడి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకొనడానికి పెట్టినారు. కార్డులు పారవేసుకొంటున్నారు, వేలైతే ఎక్కడికీ పోదుగదా అన్నారు. తరువాత భోజనశాలలో, ఆ తరువాత ఉదయపు హాజరుకు. ప్రాథమిక పాఠశాలలలో ఏడెనిమిదేండ్ల పిల్లల వేళ్ళు కూడ ఎక్కించినారు. చాలచోట్ల తల్లిదండ్రులకు చెప్పనైనా లేదు; పిల్లవాడు ఇంటికి వచ్చి, 'ఈవేళ మా బడిలో నా వేలు యంత్రం మీద పెట్టమన్నారు' అని చెబితే తెలిసినది. 2002లో ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఈ సంగతిని బయటపెట్టి ఆక్షేపించినది. తల్లిదండ్రులు ఉద్యమించినారు, పార్లమెంటులో తీర్మానం ప్రతిపాదించినారు. ప్రభుత్వం మార్గదర్శకాలతో సరిపెట్టి, అనుమతి తీసుకొంటే మంచిది అన్నది. తప్పనిసరి అనలేదు.

2010లో వచ్చిన ప్రభుత్వం పెద్దవారి జాతీయ గుర్తింపు కార్డుల పథకాన్ని ఎత్తివేసి, 2011 ఫిబ్రవరిలో ఆ జాబితా ఉన్న డిస్కులను నుగ్గు చేయించినది. పెద్దలు తమ ముద్రలను చెరిపించుకొన్నారు, పిల్లలవి మాత్రం బడిలోనే ఉండిపోయినవి! ఆ వైపరీత్యం 2012లో కొంత తీరినది. ఆ ఏడు చేసిన స్వేచ్ఛల పరిరక్షణ చట్టంలోని 26, 27, 28 సెక్షన్లు బడి పిల్లలవి. 2013 సెప్టెంబరు నుండి ఇంగ్లండు, వేల్సులలో అమలుకు వచ్చినవి. పదునెనిమిదేండ్ల లోపు విద్యార్థి వేలిముద్ర తీసుకొనాలంటే ముందుగా తల్లిదండ్రులకు తెలుపవలెను. ఒకరైనా వ్రాతపూర్వకంగా అనుమతించవలెను. ఇద్దరిలో ఏ ఒకరు వద్దన్నా తీసుకోరాదు. వేలు ఇవ్వని బిడ్డకు వేరొక మార్గం చూపవలెను. వీటన్నిటికంటె విలువైనది మరొకటున్నది: తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసి ఇచ్చినా, బిడ్డ 'నేను పెట్టను' అంటే ఆ మాటయే చెల్లుతుంది. దానికి కాగితం అక్కరలేదు, కారణం చెప్పనక్కరలేదు.

చట్టం వచ్చే నాటికి పరిస్థితి ఎట్లున్నది? బిగ్ బ్రదర్ వాచ్ అనే సంస్థ 2014 జనవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం, అంతకు పూర్వపు విద్యాసంవత్సరంలో సుమారు 40 శాతం మాధ్యమిక పాఠశాలలు ఇట్టి యంత్రాలు వాడుతున్నవి. వానిలో 31 శాతం తల్లిదండ్రులను ముందుగా అడుగనేలేదు. జంగీపురంలో బయలుదేరిన ముద్ర లండను చేరడానికి నూట ఏబది ఏండ్లు పట్టినది. కొనాయ్‌కి దక్కని 'కాదు' అనే మాట అక్కడి పిల్లలకు దక్కినది.

మాట వచ్చినది గనుక చెబుతాను. పత్రికలవారు 'వ్యక్తిగత గోప్యత' అని వ్రాస్తున్నారు. నాకు ఆ మాట అంతగా రుచించదు. గోప్యమంటే దాచవలసినది. 'తప్పు చేయనివాడు దాచడమెందుకు?' అన్న ప్రశ్నకు ఆ పదమే తలుపు తెరుస్తున్నది. వేలిముద్ర దాచుకొనే వస్తువే కాదు. త్రాగిన గ్లాసు మీద, తెరచిన పుస్తకం మీద వదలిపోతూనే ఉంటాము. ఇక్కడ ప్రశ్న దాపరికం కాదు, ఎవరి సొత్తు మీద ఎవరికి అధికారమన్నది. 'ఆంతరంగికత' అన్న మాట ఉన్నది, అదీ కొంచెం బరువే. భాషాభిమానులు ఆలోచించి మంచి మాట సూచింతురు గాక.

యంత్రాలు అమ్మేవారు సర్వత్రా చెప్పే సమాధానం ఒకటున్నది: మేము వేలి బొమ్మను దాచము, దానిలోని గీతలు ఎక్కడ ఆగినవో, ఎక్కడ చీలినవో ఆ గురుతులను మాత్రం అంకెలుగా మార్చి ఉంచుతాము, అంకెలనుండి వేలు రాదు అని. 2007లో అమెరికాలోని పరిశోధకులు ఆ గురుతులనుండియే వేలిముద్రను పోలిన బొమ్మను తిరిగి గీయవచ్చునని చూపినారు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుండి 56 లక్షలమంది వేలిముద్రలు దొంగల పాలైనవి. అంత పెద్ద ప్రభుత్వం కాపాడుకోలేనిదానిని ఊరిబడిలో గోడకు తగిలించిన పెట్టె కాపాడగలదా?

ఇందులోని ప్రమాదం సంస్కృత నాటకాలు చదువుకొన్నవారికి క్రొత్త కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో రాక్షసమంత్రి పతనానికి మూలం అతని ముద్రిక. ఊరు విడిచి వెళ్తూ అతడు దానిని భార్య దగ్గర ఉంచినాడు. ఆమె వేలినుండి జారి గుమ్మం దాకా దొర్లిన ఉంగరం గూఢచారి చేత చాణక్యునికి అందినది. ఆ ముద్రతో చాణక్యుడు వ్రాయించిన దొంగ లేఖ రాక్షసుని నోరు మూయించినది. ముద్ర తనదే, లేఖ తనది కాదు; ఎవరు నమ్ముతారు? ఐతే రాక్షసునికి ఒక్క వెసులుబాటున్నది. ఉంగరం పోయినదని ముందే తెలిసియుంటే చాటింపు వేయించి క్రొత్త ముద్ర చేయించుకొనేవాడు. వేలిముద్ర పోయినవానికి ఆ ఉపాయం లేదు. వేలికి వేరొక వేలు చేయించలేము. ఏడేండ్ల వయసులో పోయిన ముద్ర డెబ్బదేండ్ల దాకా పోయినదే.

ఇక హాజరు సంగతి. స్వీడనులో ఒక ఉన్నత పాఠశాల 2018లో 22 మంది విద్యార్థుల ముఖాలను కెమెరాతో గుర్తించి హాజరు వేయించి చూచినది. ఉపాధ్యాయులు ఏడాదికి 17 వేల గంటలు పేర్లు పిలవడంలోనే వృథా చేస్తున్నారని ఆ పురపాలక సంఘంవారి లెక్క. తల్లిదండ్రుల అనుమతి తీసుకొన్నామన్నారు. 2019 ఆగస్టులో అక్కడి సమాచార రక్షణ సంస్థ రెండు లక్షల క్రోనుల జరిమానా వేసి, బడికీ విద్యార్థికీ నడుమ బలాబలాల తేడా ఉన్నచోట అట్టి అనుమతిని స్వేచ్ఛగా ఇచ్చినదని అనజాలమని తేల్చినది.

ఆ 'వృథా' అన్న మాట దగ్గర నాకు అభ్యంతరమున్నది. ముప్పదేండ్లకు పైగా పేర్లు పిలిచినవాడిని. పట్టీలో తల పెట్టి పిలిచినా 'వచ్చానండీ' అన్న గొంతును బట్టి ఎవరికి జ్వరమో, ఎవరింట రాత్రి గొడవయో తెలిసేది. ప్రక్కవాని బదులు గొంతు మార్చి పలికే ఘనులుండేవారు, నవ్వుతూ పట్టుకొనేవాళ్ళము. వరుసగా మూడు రోజులు బదులు రాకపోతే సాయంత్రం వారింటి వైపు నడిచేవాళ్ళము. బాలిక బడి మానినదంటే పెళ్ళి మాటలు నడుస్తున్నవేమో అనే అనుమానం మొదటి నిమిషంలో కలుగవలసినది ఉపాధ్యాయునికి. యంత్రానికి ఆ అనుమానం రాదు, దానికి వచ్చేది ఎర్ర దీపం ఒక్కటే. నా ఉద్యోగపు చివరి సంవత్సరాలలో మాకూ వేలు పెట్టే యంత్రం వచ్చినది. సుద్దముక్క పట్టి పట్టి గీతలరిగిన వేళ్ళను అది ఒక్కొక్కనాడు గుర్తుపట్టేది కాదు. చేతులు కడిగి, తలకు రాచి, మళ్ళీ పెట్టేవాళ్ళము. నాకు కోపం కంటె నవ్వే ఎక్కువ వచ్చేది. పెద్దవాడిని, సంఘమున్నది, అడుగగలను. మా ఏడవ తరగతి పిల్లవానికి ఏమున్నది?

మన రెండు రాష్ట్రాలలోను గత దశాబ్దంలో సంక్షేమ వసతిగృహాలకు ఈ యంత్రాలు వచ్చినవి. కారణం అందరికీ తెలిసినదే: లేని పిల్లలను ఉన్నట్లు వ్రాసి బియ్యం, నూనె, గ్రుడ్లు లెక్క చూపేవారున్నారని. ఆ దొంగతనం కల్పితం కాదు, దానిని అరికట్టవలసినదే. కాని గమనించండి - అనుమానం వసతిగృహం నడిపే పెద్దల మీద, వేలు మాత్రం బిడ్డది. జమాఖర్చుల పుస్తకం తనిఖీ చేయవలసినచోట పిల్లవాని శరీరాన్ని తనిఖీ చేస్తున్నాము. ఆ బిడ్డలలో అత్యధికులు దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాలవారు. పట్టీ పిలిచి తాతలకు వేసిన హాజరును ఇంకా మరువని కుటుంబాలు వారిలో ఉన్నవి. గురువు శిష్యుని బొటనవేలు అడిగిన పాత కథను ఇక్కడ తెస్తే అతిశయోక్తి అంటారు, అందుచేత తేను.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయులకు ముఖం చూపి హాజరు వేసే పద్ధతిని ప్రవేశపెట్టినది. 2023లో తెలంగాణ ప్రభుత్వ బడులలో విద్యార్థుల హాజరుకు అదే పద్ధతి వచ్చినది. వేలు పెట్టాలంటే చేయి చాపవలెను, అందులో అంగీకారపు ఛాయ కొంతైనా ఉన్నది. ముఖానికి ఆ పాటి కదలిక కూడ అక్కరలేదు.

మన చట్టం ఏమంటున్నది? 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానంలో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠంతో ఈ ఆంతరంగికతను ప్రాథమిక హక్కన్నారు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పులో, బడిలో చేర్చుకొనడానికి ఆధార్ తప్పనిసరి చేయరాదనీ, పిల్లల నమోదుకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననీ, ఆధార్ లేదని ఏ బిడ్డకూ పథకాలను నిరాకరించరాదనీ చెప్పినారు. ఐదేండ్ల లోపు పిల్లల వేలిముద్రలను ఆధార్‌వారు తీసుకోరు. ఐదేండ్లప్పుడు, మళ్ళీ పదునైదేండ్లప్పుడు తీసుకొంటారు, వేళ్ళు పెరుగుతాయి గనుక. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పదునెనిమిదేండ్ల లోపువారి విషయంలో తల్లి లేదా తండ్రి సమ్మతిని కోరుతున్నది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటితమైనది. కాని ప్రభుత్వం సబ్సిడీలు, ప్రయోజనాలు అందించే కొన్ని సందర్భాలలో సమ్మతి లేకుండనే సమాచారం వాడుకొనే దారిని కూడ అదే చట్టం తెరచియుంచినది. మధ్యాహ్న భోజనమూ, వసతిగృహమూ ఆ దారిలోకి వస్తాయనడానికి వాదం కష్టమేమీ కాదు. ఇంగ్లండు చట్టంలోవలె బిడ్డ తన నోట 'వద్దు' అంటే ఆగవలెనన్న మాట మన చట్టంలో ఎక్కడా లేదు.

ఉన్నదల్లా ఒక చిన్న కిటికీ. 2018 తీర్పు తరువాత, 2019లో ఆధార్ చట్టానికి చేసిన సవరణలో 3ఎ అనే సెక్షను చేర్చినారు. చిన్ననాట తల్లిదండ్రుల సమ్మతితో ఆధార్ పొందినవారు, పదునెనిమిదేండ్లు నిండిన నాటినుండి ఆరు నెలల లోపల, దానిని రద్దుచేయుమని కోరవచ్చును. రద్దు కోరినందువలన ఎదురయ్యే చిక్కులు ఎన్నో ఉండవచ్చును, కోరుమని నేను అనడం లేదు. ఉంచుకొనదలచినవారు కూడ, వద్దనడానికి తమకొక వేళ ఉన్నదని ఎరిగి ఉంచుకొనుట వేరు. ఇంటర్మీడియెటు పూర్తిచేసి డిగ్రీలో చేరే ఏడు అది; ప్రవేశ పరీక్షల హడావిడిలో ఆరు నెలలు ఇట్టే గడచిపోతాయి. నేను అడిగిన డిగ్రీ విద్యార్థులలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మీ ఇంట ఆ వయసు పిల్లలుంటే ఒక మాట చెప్పి ఉంచండి.